మొకం మాత్రం తెలుస్తలేదు

“నా పాలుకొచ్చేది నాకు పంచియ్యి. గీ ఇంట్ల ఇగ నేను మంచినీళ్లు గూడ ముట్ట.”

మొగిలి గొర్రెల దొడ్డి వాకిట్లో కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. అప్పుడప్పుడే తెల్లవారింది. లోపల మంద ఒకటే అరుపు. మేతకు పోవలసిన వేళ అది. అన్నదమ్ముల పంచాయితీ వాటికేం తెలుసు!

అన్న ఐలయ్య గొంగడి కప్పుకొని బండ మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

“నిన్నటి సంది అడుగుతున్న. నా పెండ్లాం చెయ్యి ఎందుకు వట్టినవ్?”

“సత్తెమ్మ అనుకున్న.”

“సత్తెమ్మ అనుకున్నవా! మొకం మీద ఎండ కొడుతుంటే, ఎదురుంగ నిలబడ్డ మనిషిని పట్టుకొని సత్తెమ్మ అనుకున్నవా? నీ కండ్లకేమన్న అయిందా?”

“కండ్లు మంచిగనే ఉన్నయ్.”

అదీ ఐలయ్య వరస. అబద్ధమాడటం కూడా చేతకాదు మనిషికి. కళ్లు మసకేశాయిరా తమ్ముడూ అని ఒక్క మాట అని ఉంటే మొగిలి కొంతైనా చల్లబడేవాడు.

జరిగింది ఇదీ. నిన్న మధ్యాహ్నం వాన పడి వెలిసింది. మొగిలి భార్య రుక్కమ్మ చీర తడిసింది. దండెం మీద తోడికోడలు సత్తెమ్మ ఆకుపచ్చ నేతచీర పొడిగా కనబడితే అదే చుట్టుకొని, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లకు పాలు తాపించడానికి దొడ్డిలోకి వెళ్లింది. ఐలయ్య వచ్చాడు. వాళ్ల ఇళ్లల్లో తమ్ముడి భార్య బావ ఎదుట పడదు. పడితే కొంగు ముందుకు లాక్కొని పక్కకు తిరిగి నిలబడుతుంది. ఆయన ముందు నోరు మెదపదు. రుక్కమ్మ రెండు చేతుల్లోనూ గొర్రెపిల్ల ఉంది, కొంగు లాక్కోలేకపోయింది. గొంతా, తొమ్మిదేళ్లుగా ఆయన చెవిన పడనిచ్చింది కాదు. అలా కొయ్యబారి నిలబడిపోయింది. ఐలయ్య దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు, ఏదో చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే గుట్ట మలుపు తిరిగి మొగిలి చూశాడు.

ఇంతే. కానీ ఆ ఇంట్లో ఇంతకంటే ఏం కావాలి?

పొయ్యి దగ్గర కూర్చున్న సత్తెమ్మ జొన్నపిండి పిసుకుతూనే ఉంది. పిసకడం ఎప్పుడో అయిపోయింది. చేతులకు వేరే పని తెలియక పిసుకుతోంది. రుక్కమ్మ గుమ్మం వెనక నిలబడి ఉంది, కనబడీ కనబడకుండా.

“వదినె, నువ్వన్న అడుగు,” అన్నాడు మొగిలి.

సత్తెమ్మ ఏమడుగుతుంది? అడగవలసినవి ఆమె దగ్గర పది నెలలవి ఉన్నాయి. కొండాపురం తొవ్వలో ఎదురొచ్చి, తను నవ్వితే, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసి పక్కనుంచి వెళ్లిపోయిన మొగుణ్ణి ఏమని అడుగుతుంది? పండగనాడు పూలు పెట్టుకొని ఎదురుగా నిలబడితే తన మీదనుంచి చూపు జారిపోయినవాణ్ణి? తన మీద మనసు పోయింది, అంతే అనుకుంది. ఎవరి మీదికి పోయిందో నిన్న తెలిసిందనుకుంది.

కులపెద్ద బాలనర్సయ్య అప్పుడే వచ్చాడు. కూర్చోలేదు.

“పొద్దూకినంక బండకాడ కూసుందాం. నలుగురం విందాం. ఐలయ్య తెలిసే చేసిండని తేలితే ఇల్లు రెండు పాళ్లయితది.” సత్తెమ్మ వైపు తిరిగాడు. “నీ అన్నకు కబురు వోయింది బిడ్డా. హఫీజ్‌పేట నుంచి వస్తుండు. నువ్వు ఉంటవా, పోతవా, నీ ఇష్టం. పోత అంటే ఇడుపు కాయిదం గియ్యాల్నే రాపిచ్చుకుందాం.”

ఇడుపు కాయిదం అన్న మాట వినగానే సత్తెమ్మ చేతులు ఆగాయి. పదిహేడేళ్ల కాపురం ఆ సాయంత్రానికి ఉంటుందో, తెగుతుందో!

బాలనర్సయ్య వెళ్లాక మొగిలి కర్ర తీశాడు. మంద బయటికి ఉరికింది. బండ మీద కూర్చున్న చోటు నుంచే ఐలయ్య అన్నాడు: “నల్లమూతిది కుంటుతున్నది, చూసినవా? బొల్లి దాని పిల్లను ఇడిచిపెట్టి పోతున్నది, మళ్లెయ్యి.”

నూట నలభై గొర్రెలు. ఒక్కొక్కదాని మూతీ ముక్కూ ఎరుగును. మరి వేరే మనిషిని పట్టుకొని పెండ్లాం అనుకున్నానంటాడు! సత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది. పిండి చేతులతోనే లేచి వచ్చింది.

“గొర్రె మొకం తెలుస్తది. నా మొకం తెల్వదా నీకు?”

ఐలయ్య ఆమె వైపు చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత, తప్పు చేసిన పిల్లవాడిలా, చాలా మెల్లగా అన్నాడు.

“తెలుస్తలేదు సత్తీ. నీదే గాదు. ఎవ్వరిదీ తెలుస్తలేదు.”

*

హఫీజ్‌పేట స్టేషను దగ్గరి చిన్న దవాఖానకు గురువారం గురువారం డాక్టరమ్మ వస్తుంది. పేరు పుణ్యవతి, బందరు దగ్గరి మనిషి. ఆ రోజు గురువారమే. సత్తెమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకొని గచ్చిబౌలి నుంచి నడుచుకుంటూ తీసుకెళ్లింది.  నమ్మి తీసుకెళ్లిందా? లేదు. అబద్ధం బయటపెట్టిద్దామనే తీసుకెళ్లింది.

“ఎప్పటి నుంచయ్యా ఇలా?” డాక్టరమ్మ అడిగింది.

“గుట్ట మీదికెల్లి పడ్డప్పటి సంది.”

పది నెలల కింద, తప్పిపోయిన పొట్టేలు కోసం బండెక్కి కాలు జారి పడ్డాడు. తల వెనక దెబ్బ. పట్నం దవాఖానలో మూడు దినాలు స్పృహ లేదు. తర్వాత అంతా బాగానే ఉందని పంపించేశారు. నడక బాగుంది, మాట బాగుంది, లెక్క బాగుంది. అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు.

డాక్టరమ్మ ఆయన తల వెనక మచ్చ తడిమి చూసింది. కళ్లలోకి దీపం వేసింది. గోడ మీది అక్షరాలు చూపిస్తే, చదువు రాదు గానీ గీతలు ఎటు వంగాయో తప్పు లేకుండా చెప్పాడు.

“చూపు శుభ్రంగా ఉంది. సరే, అక్కడ చేతులు కడుక్కుని రండి.”

మూలన తొట్టి, దాని మీద గోడకు అద్దం. ఐలయ్య రెండడుగులు వేసి ఆగాడు. పక్కకు జరిగాడు. మర్యాదగా చెయ్యి చూపి అన్నాడు: “నువ్వే కడుక్కో అన్నా, నాకేం తొందర లేదు.”

అద్దంలో మనిషి కూడా పక్కకు జరిగి చెయ్యి చూపాడు. అప్పటికి గానీ అక్కడ ఇంకెవరూ లేరని ఐలయ్యకు తెలియలేదు. సిగ్గుపడి, ఎవరైనా చూశారా అన్నట్టు వెనక్కి తిరిగాడు.

సత్తెమ్మ చూసింది. గోడకు ఆనుకొని నోట్లో కొంగు కుక్కుకుంది. అమ్మో, అమ్మో! నాటకం ఆడేవాడు ఇలా ఆడడు. పది నెలలూ ఈ మనిషి పక్కన పడుకుని, ఈ మనిషిని అనరాని మాటలన్నీ మనసులో అనుకుంది.

“కూర్చోమ్మా,” అంది డాక్టరమ్మ. ఆమె గొంతు కూడా మెత్తబడింది. “చూడు, మొహం చూడటం వేరు, ఎవరిదో తెలియడం వేరు. కళ్లు చూస్తాయి. మెదడులో వెనకపక్క, అడుగున కొంచెం చోటు ఉంటుంది. కన్నూ ముక్కూ నోరూ అన్నీ కలిపి ఇదిగో మా అమ్మ, ఇదిగో నా భార్య అని ఒక్క క్షణంలో పోల్చుకునే పని దానిది. మనకా పని జరుగుతోందని కూడా తెలీదు. ఇతనికి ఆ చోటే దెబ్బతిన్నట్టుంది.”

“మరి గొర్రెలు అమ్మా? ఒక్కటి గూడ తప్పడు.”

డాక్టరమ్మ కలం మూత పెట్టి కాసేపు కిటికీలోంచి చూసింది. రైలు పట్టాల మీద ఎవరో దాణా బస్తా మోసుకుపోతున్నారు.

“నిజం చెప్పమంటావా? నాకు తెలీదు. మా చదువులో ఇది ఒక్క పేజీ. పరీక్షకని చదివి మర్చిపోయాను. గొర్రెల్ని ఇతను ఇంకో చోట దాచుకున్నాడేమో!”

“నయమైతదా?”

“ఆశ పెట్టలేనమ్మా. గొంతుతో, నడకతో పోల్చుకుంటాడు. మీరే ముందు పలకరించండి. అలవాటు చేసుకోవాలి, ఇద్దరూ.”

ఒక కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిచ్చింది. సత్తెమ్మ దాన్ని కొంగున కట్టుకుంది.

*

తిరుగుదారిలో మబ్బు పట్టింది. ఎండ లేదు, వాన లేదు. నిన్నటి వాన నీళ్లు బండల గుంటల్లో నిలిచి ఉన్నాయి. కొత్త యూనివర్సిటీకని సర్వే వాళ్లు సున్నం పూసి పాతిన రాళ్లు గడ్డిలో తెల్లగా కనబడుతున్నాయి. చుట్టూ మనిషి అలికిడి లేదు. సత్తెమ్మకు తను నడుస్తున్నట్టే లేదు, ఎవరి కలలోనో వెళ్తున్నట్టుంది.

ఒక గుంట దగ్గర ఆగి కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు.

“ఎట్లుంటది నీకు? మా మొకాలు ఎట్ల కనవడ్తయి?”

ఐలయ్య వేలితో నీళ్లు కదిపాడు. “గిట్ల. చూసినంతసేపు ఉంటది. నీ కన్ను కనవడ్తది, ముక్కుపుల్ల కనవడ్తది, గదుమ మీద పచ్చబొట్టు గూడ కనవడ్తది. అన్ని కలిపి ఎవరిదంటే తెల్వదు. రెప్ప కొట్టి చూస్తే మళ్ల కొత్త మొకం.”

“మరి రోజు నన్నెట్ల పోలుస్తవ్?”

“నీ కడియాల సప్పుడు. నీ నడక. నీ చీరలు మూడే గదా.”

ఆకుపచ్చ చీర ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. 

“నాకెందుకు చెప్పలే? పది నెలలు! కొండాపురం తొవ్వల నన్ను ఇడిచిపెట్టి పోయినవ్. నేనెంత ఏడ్సిననో ఎర్కనా నీకు?”

 సత్తెమ్మ ఎదురుచూసింది. ఏదైనా ఒక మాట, గట్టి మాట, గుండెకు పట్టుకునే మాట కావాలి ఆమెకు. పదిహేడేళ్లలో ఆయన అలాంటి మాట ఒక్కటీ అనలేదు. ఇవ్వాళైనా అంటాడేమో అనుకుంది.

“చెప్తే పోతవనుకున్న,” అన్నాడు చివరికి. అంతే. లేచి గొంగడి దులుపుకున్నాడు.

అదీ చాలు అనుకుంది సత్తెమ్మ. ఆడవాళ్లు ఎంత కొంచెంతో సరిపెట్టుకుంటారో చూశారా! లేచి ఆయన ముందు నడిచింది, కడియాలు గట్టిగా మోగేటట్టు.

*

పొద్దు వాలాక బండ దగ్గర కులంవాళ్లంతా చేరారు. సత్తెమ్మ అన్న ఎల్లేశం పుట్టింటి చీర తెచ్చాడు, ముదురు ఎరుపు రంగుది.

“గిది కట్టుకొని కూసో. నీకు ఎనక ఎవ్వరు లేరనుకుంటుండ్రు ఈళ్లు.”

“అన్నా, ఆయన తప్పు లేదు. డాక్టరమ్మ చెప్పింది.”

“తప్పు లేకుంటే లేకపాయె. నిన్ను చూసి నువ్వెవరో తెల్వనోనితోని ఏం కాపురం జేస్తవే? ముందు చీర కట్టుకో.”

అన్న మాట కాదనలేక కట్టుకుంది. ఆడవాళ్లు కూర్చున్న చోట చోటు లేదు. ముందు కూర్చున్న వాళ్ల వెనక నిలబడింది.

బాలనర్సయ్య డాక్టరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి మడిచి పక్కన పెట్టాడు.

“ఇది మనకు రాదు. ఐలయ్యా, నీ నోటితోని చెప్పు.”

ఐలయ్య చెప్పాడు. మొహాలు తెలియడం లేదన్నాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“గొర్రె తెలుస్తది, ఆలి తెల్వదు! మంచిగుంది కత,” అన్నాడు మొగిలి. “పెద్దయ్యా, ఆడోళ్లను నోరు మూసుకొని వరుసల నిలబెట్టు. పెండ్లాన్ని చూపియ్యమను.”

“నిలబెట్టి ఏం లాభంరా?” బాలనర్సయ్య విసుక్కున్నాడు. “తప్పు చూపిస్తే నాటకమంటవు. సరిగ్గ చూపిస్తే దొంగ అంటవు. రెండిట్ల నువ్వే గెలుస్తవు.”

 నిజమే కదా! ఒక మనిషి లోపల ఏం కనబడుతోందో, ఏం కనబడటం లేదో, బయట కూర్చున్న వాళ్లు ఎట్లా చూస్తారు? బాలనర్సయ్యకు కూడా పాలుపోలేదు. గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

“నేను చెప్త.”

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. రుక్కమ్మ లేచి నిలబడింది. బావ ఎదుట, కులం ఎదుట! పక్కనున్న ముసలమ్మ ఆమె కొంగు పట్టుకొని కిందికి లాగింది. రుక్కమ్మ విడిపించుకుంది.

“కూసోవే!” మొగిలి అరిచాడు.

“చెప్పనియ్యి,” అన్నాడు బాలనర్సయ్య. “చెప్పు బిడ్డా.”

“బావ నా చెయ్యి వట్టుకొని అక్క పేరు వెట్టి పిలిచిండు.” ఐలయ్య వైపు చూడకుండా చెప్పుకుపోయింది. “సత్తీ, నువ్వేనా? జర మాట్లాడవే అన్నడు. నీ మొకం తెల్వక పది నెలలైంది అన్నడు. పొద్దుగాల లేస్తే పక్కల ఎవరో కొత్త మనిషి పండుకున్నట్టుంటది, నువ్వు మాట్లాడేదాక నా పానం నా దగ్గర ఉండదు అన్నడు. నువ్వు మాట్లాడంగనే ఇల్లు ఇల్లయితది, నేను మనిషినైత అన్నడు. దేవుడు నా కండ్లు తీస్కపోయినా మంచిగుండు, నీ మొకం ఒక్కటి నాకు ఇడిచిపెడితే అన్నడు. నేను మాట్లాడకపోతే మళ్ల మళ్ల అడిగిండు. ఏడ్సిండు గూడ.”

 ఐలయ్య తల వంచుకున్నాడు. ఆ మాటలు తను ఎవరికి చెప్పాడో ఇప్పుడు నలుగురి ముందూ వింటున్నాడు.

మొగిలి గొంతు మారిపోయింది. “మరి నిన్ననే నాకెందుకు చెప్పలేదే?”

రుక్కమ్మ మొగుడి వైపు తిరిగింది.

“నన్ను చెప్పనిచ్చినవా? వచ్చుడు వచ్చుడే అరవవట్టినవ్.” ఆగింది. మళ్లీ తనే అంది, ఈసారి మెల్లగా: “గదొక్కటే గాదు. ఆ మాటలు నాయి గావని నాకెర్కనే. అయినా తొమ్మిదేండ్లల్ల నాతోని ఎవ్వరు గట్ల మాట్లాడలే. చెయ్యి గుంజుకోవాలె, గుంజుకోలే. జర సేపు విన్న.”

మొగిలికి అన్న మీద పెంచుకున్న కోపం అంతా ఎక్కడికి పోయిందో, భార్య మొహం వంక పిచ్చివాడిలా చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహాన్ని అతను రోజూ చూస్తున్నవాడే.

సత్తెమ్మ మొగుడు నిర్దోషి. సంతోషపడాలి. కానీ ఏం మాటలవి! తిరుగుదారిలో నీటిగుంట దగ్గర కూర్చుని ఎదురుచూసింది వాటి కోసమే. తన మాటలు, తనకు రావలసిన మాటలు, తన చీర కట్టుకున్న మరో ఆడదాని చెవిలో పడిపోయాయి. తనకు దక్కింది “చెప్తే పోతవనుకున్న” అన్న ముక్క. 

“ఐలయ్య తప్పు లేదు,” అన్నాడు బాలనర్సయ్య. “పంపకం మాట మొగిలి మళ్ల ఎత్తొద్దు. ఇగ సత్తెమ్మ మాట ఒక్కటే మిగిలింది. బిడ్డా, ఉంటవా? అన్న ఎంట పోతవా? నీ నోటితోని చెప్పు.”

అందరి తలలూ సత్తెమ్మ వైపు తిరగలేదు. మసక చీకట్లో ఎర్రచీరలో ఆమె ఎక్కడుందో చాలామందికి తెలియలేదు. ఎల్లేశం ఒక్కడే చూశాడు.

సత్తెమ్మ పెదవులు బిగించింది. మాట్లాడితే ఆయనకు తెలిసిపోతుంది. గొంతు వింటాడు, సత్తీ అంటాడు, అంతా మామూలే. వద్దు. ఈ ఒక్కసారి, గొంతు లేకుండా, కడియాల చప్పుడు లేకుండా, తెలిసిన చీర లేకుండా, మొహం చూసి పిలవాలి. పిలిస్తే ఉంటాను. చచ్చేదాకా ఉంటాను. జరగని పని అని డాక్టరమ్మ చెప్పింది, తెలుసు. తెలిసినా ఆ మొండితనం ఆమెను వదల్లేదు.

ఐలయ్య లేచాడు. “సత్తీ,” అన్నాడు. “ఏడున్నవ్?”

 ఒక్కొక్క మొహం దగ్గరా ఆగుతూ ఆడవాళ్ల వైపు వచ్చాడు. ముందు వరుసలో వాళ్లు సర్దుకుని దారి ఇవ్వబోయారు. బాలనర్సయ్య చెయ్యెత్తి ఎవరినీ మాట్లాడవద్దన్నాడు. ఐలయ్య చూపు ఒకరి మీదనుంచి ఒకరి మీదికి పోయి, కూర్చున్న వాళ్ల తలల మీదుగా సత్తెమ్మ మొహం మీదికి వచ్చింది. వచ్చి ఆగింది.

 ఆయన కళ్లలో ఏదో మెదిలింది. ఒక అడుగు ముందుకు వేశాడు. తల వంచి, చాలా మర్యాదగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

“చెల్లె, మా సత్తెమ్మ ఎటువోయిందో జర చూసి చెప్తవా? కోపంల ఉన్నట్టుంది, పలుకుతలేదు.”